పాత ట్రయాంగ్ జింటీ మోడల్ రైలింజిన్‌కి బ్రష్ స్ప్రింగ్, స్క్రూ ఏవి కొనాలి?

పాతఇంజిన్:
అందరికీ నమస్తే. ట్రయాంగ్ అనే బ్రిటిష్ కంపెనీ చేసిన పాత మోడల్ రైలింజిన్ జింటీ ఒకటి చేతికొచ్చింది, మోడల్ నంబర్ ఆర్52, 0-6-0, అంటే ఆరు చక్రాలది. బాడీ బానే ఉంది కానీ మోటార్‌లో బ్రష్‌లు (కరెంట్ అందించే కార్బన్ ముక్కలు) అరిగి పొడైపోయాయి, వాటిని నొక్కిపట్టే స్ప్రింగ్ అసలు లేనే లేదు, చాసిస్‌లో ఒక స్క్రూ కూడా లేదు, ఇంతకుముందు ఎవరో ఏదో స్క్రూ బలవంతంగా తిప్పేసినట్టున్నారు. నెట్‌లో జింటీ పార్ట్స్ అని కొడితే ఇప్పటి మోడల్‌వే వస్తున్నాయి. ఒక సెల్లర్ దగ్గర తెప్పిస్తే ఆ బ్రష్‌లు దీంట్లో కూర్చోనే లేదు. అసలు ఏ పేరుతో వెతకాలి?

వర్మ్‌గేర్:
ఇంజిన్ పేరుతో వెతకడం ఆపెయ్ బ్రో, మోటార్ పేరుతో వెతుకు. దీంట్లో ఉండేది ఎక్స్04 అయ్యుండాలి, అప్పట్లో ట్రయాంగ్ వాళ్లు చాలా ఇంజిన్లకి అదే పెట్టారు, అందుకే దాని సామాన్లు ఇప్పటికీ బానే దొరుకుతాయి. ట్రయాంగ్ ఓనర్ కంపెనీ లైన్స్ బ్రదర్స్ 1964లో హార్న్‌బీ రైళ్లు చేసే మెకానో కంపెనీని కొనేశాక పెట్టెల మీద ట్రయాంగ్ హార్న్‌బీ అని వచ్చింది, తర్వాత ఉత్త హార్న్‌బీ అయింది, కాబట్టి మూడు పేర్లతోనూ కొట్టి చూడు. హార్న్‌బీ డబ్లో అని ఉంటే మాత్రం వదిలెయ్, అది మెకానో వాళ్ల వేరే రైళ్ల లైన్.

ఇక స్ప్రింగ్ సంగతి, ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. అది ఒకే తీగ, రెండు కాళ్లు, ఒక్కో కాలు ఒక్కో బ్రష్‌ని నొక్కుతుంది. ఒక కాలికి సన్నటి స్లీవ్ (కరెంట్ పోనివ్వని గొట్టం) ఉంటుంది చూడు, అది అలంకారానికి కాదు, అది లేకపోతే రెండు బ్రష్‌లూ ఆ తీగ గుండానే కలిసిపోయి షార్ట్. పాత స్ప్రింగుల్లో ఆ స్లీవ్ ఎండిపోయి రాలిపోతుంది, అందుకే సెకండ్‌హ్యాండ్‌ది కొంటే ముందు అదే చూస్కో. వైర్ ఇన్సులేషన్ చిన్న ముక్క తొడిగినా పని జరుగుతుంది. చాసిస్‌కి కనెక్షన్ లేని బ్రష్ వైపు ఆ స్లీవ్ కాలు రావాలి.

బీఏస్క్రూ:
స్క్రూ గురించి చెప్తా. బ్రిటిష్ పాత మోడల్ అంటే చాలావరకు బీఏ థ్రెడ్ (పాత బ్రిటిష్ స్క్రూ సైజుల పద్ధతి), మీ దగ్గరున్న మిల్లీమీటర్ స్క్రూ కొంచెం దూరం వెళ్లి బిగుసుకుపోతుంది, అదే సరిపోయింది అనుకుని తిప్పేస్తారు, చాసిస్ మెత్తటి మెటల్ కదా, థ్రెడ్ పోతుంది. 6 బీఏ మందం 2.8 మిమీ, 8 బీఏది 2.2 మిమీ, వెర్నియర్ కాలిపర్ పెట్టి అదే చాసిస్‌లో మిగిలిన స్క్రూ కొలవండి, కానీ పొడవు, తల ఆకారం కూడా చూడాలి, పొడవెక్కువైతే చక్రానికో గేర్‌కో తగిలి ఆగిపోతుంది. అమెరికన్ ఇంజినైతే 2-56 లాంటి అమెరికన్ స్క్రూ సైజులు వస్తాయి, జర్మన్‌వి మెట్రిక్, అందుకే ఏ దేశానిదో ముందు చూస్కోవాలి. ట్రయాంగ్ వాళ్ల సర్వీస్ షీట్లు నెట్‌లో స్కాన్లు దొరుకుతాయి, విడదీసిన బొమ్మ పక్కన పార్ట్ నంబర్ ఉంటుంది, ఆ నంబర్ చెప్తే సెల్లర్‌కి కన్ఫ్యూజన్ ఉండదు.

పాతఇంజిన్:
థాంక్యూ ఇద్దరికీ 🙏 బ్రష్‌లు మార్చేటప్పుడు మోటార్ మొత్తం విప్పేసి క్లీన్ చేయాలా?

వర్మ్‌గేర్:
వద్దు వద్దు, మాగ్నెట్ దగ్గరికి పోకు. ఆ పాత మాగ్నెట్లు ఆర్మేచర్ (మోటార్‌లో తిరిగే భాగం) బయటికి లాగితేనే శక్తి తగ్గిపోతాయి, తర్వాత మోటార్ తిరుగుతుంది కానీ కరెంట్ ఎక్కువ లాగి వేడెక్కుతుంది. కమ్యుటేటర్‌ని (బ్రష్‌లు ఆనే రాగి ముక్కల్ని) ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మూడు ముక్కల మధ్య సందుల్లో ఉన్న నల్ల పొడి పుల్లతో గీకెయ్, చాలు. ఎక్స్03 అని కూడా ఒకటుంటుంది, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది కానీ వర్మ్ (షాఫ్ట్ మీద స్క్రూలా ఉండే గేర్) తేడా, ఆర్మేచర్ మార్చే ఉద్దేశం ఉంటే అది గేర్‌తో జత కుదరాలి. ఒకసారి మోటార్ ఫొటో పెట్టు, వర్మ్ కనిపించేలా పక్కనుంచి తియ్యి.