భీమవరంలో డాబా మీద గాలిమర పెట్టించవచ్చా?

బట్టలకొట్టు: మాది మూడంతస్తుల భవనం, కింద దుకాణం. డాబా మీద నిలువు ఇరుసు గాలిమరలు రెండు బిగించాలని ఉంది. పువ్వు రేకుల్లా వంపు తిరిగిన రెక్కలు, చూడముచ్చటగా ఉన్నాయి. ఒక్కొక్కటి 500 వాట్లట, చప్పుడు కూడా ఉండదట. మా బావగారేమో డబ్బు దండగ అంటున్నారు. మీరేమంటారు?

కాలువవంతెన: నిరభ్యంతరంగా పెట్టించండి. 2015లో ఈఫిల్ టవర్ మీదే అలాంటివి రెండు బిగించారు, ఏడాదికి 10 వేల యూనిట్లని అంచనా వేశారు. సముద్రం దగ్గరున్న మనకు గాలికి కొదవా?

లెక్కలమాస్టారు: ఈఫిల్ టవర్ మీద అవి ఉన్నది 120 మీటర్లకు పైన అండీ. మీ డాబా పది, పన్నెండు మీటర్లు. పేచీ అంతా అక్కడే, ఎత్తు తగ్గితే గాలి వేగమూ తగ్గుతుంది. గాలి వేగం సగమైతే అందులోని శక్తి సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. కరపత్రంలో వేసే 500 వాట్లు సాధారణంగా సెకనుకు 11, 12 మీటర్ల వేగానికి కట్టిన లెక్క. అంత గాలి వీస్తే మీరు కొట్టు ముందు వేలాడదీసిన చీరలు పక్క వీధిలో వెతుక్కోవాలి! డాబా మీద సెకనుకు 3 మీటర్ల వేగంతో గాలి ఉందనుకోండి. 12లో అది నాలుగో వంతు, శక్తి 64వ వంతు. 500 కాస్తా 8 వాట్లు. ఒక ఎల్ఈడీ బల్బు వెలుగుతుంది, అదీ మర అసలు కదిలితే.

కాలువవంతెన: నిలువు మరకు ఏ దిక్కు గాలైనా ఒకటే కదండీ? కొత్త రెక్కలు ఎక్కువ రాబడతాయని కూడా చెబుతున్నారు.

లెక్కలమాస్టారు: దిక్కు సంగతి నిజమే. కానీ పిట్టగోడ, నీళ్ల ట్యాంకు, పక్కింటి నాలుగో అంతస్తు తగిలి సుడులు తిరిగే గాలిలో బలం ఉండదు. ఇక రెక్కలంటారా, ఎంత కొత్తవైనా గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి తీయలేవని 1919లోనే బెట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చాడు. చిన్న మరలు అందులో సగం తీసినా గొప్పే.

చెరువుగట్టు: ఊరి సంగతి వదిలేయండి. మా రొయ్యల చెరువుల దగ్గర అడ్డమేమీ లేదు. రాత్రి కరెంటు పోతే నీటిలో గాలి కలిపే ఏరేటర్లకు డీజిల్ జనరేటరే గతి, సోలార్ అప్పుడు పనికిరాదు. మాకైనా గాలిమర పనికొస్తుందా?

లెక్కలమాస్టారు: మీ ప్రశ్నలో పస ఉంది. ఎత్తైన స్తంభం మీద పెడితే మీకు ఊరివాళ్లకంటే నయమే. కానీ నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, అందులోనూ గాలి స్తంభించిన రాత్రులు. మీకు అవసరం ముంచుకొచ్చే వేళకే మర ఆగిపోతుంది. జనరేటర్ అమ్మకండి.

అంతర్వేదిపాలెం: తీరంలో ఉప్పుగాలికి ఇనుప కిటికీలే నిలవడం లేదు, ఇక తిరిగే బేరింగులా! 1996 నవంబరు తుపానుకు కోనసీమలో కొబ్బరిచెట్లే కూలాయి. డాబా మీద స్తంభం ఊడితే పక్కింటివాళ్లకు జవాబు ఎవరు చెప్పాలి?

బట్టలకొట్టు: సరే, కరెంటు కోసం 3 కిలోవాట్ల సోలారే వేయిస్తాను, కేంద్రం 78 వేల దాకా రాయితీ ఇస్తోంది. అందానికి ఒక్క గాలిమర మాత్రం పెట్టిస్తాను, జనం తలెత్తి చూస్తారు.

లెక్కలమాస్టారు: అభ్యంతరం లేదండీ. కాకపోతే ఆ ఖర్చు కరెంటు పద్దులో కాదు, ప్రకటనల పద్దులో రాయండి. గాలివానకు ఆపే బ్రేకు ఉందో లేదో అడిగాకే బయానా ఇవ్వండి.