క్యాంపర్ వ్యాను గీజర్ దగ్గర నీటి కారుడు: టేపు చుట్టాలా, పైపు మార్చాలా?

వైట్‌ఫీల్డ్ నుంచి ప్రశ్న:
మా టెంపోను క్యాంపర్ వ్యానుగా మార్పించి, అందులో అమెరికా తయారీ గీజర్ పెట్టించాము. వేడినీరు బయటికి వచ్చే అర అంగుళం నట్ దగ్గర బొట్లు బొట్లుగా కారుతోంది. టెఫ్లాన్ టేపు చుట్టి ఎంత బిగించినా ఆగలేదు. సీపీవీసీ (వేడినీటికి వాడే గట్టి ప్లాస్టిక్) పైపు తీసేసి స్టీలు అల్లిక ఉన్న వంగే పైపు వేయాలని ప్లంబర్ అంటున్నారు. టేపు సరిగ్గా చుడితే చాలునని మా బావగారి వాదన. ఏది సరైనది?

టేపు పక్షం:
బావగారితో ఏకీభవిస్తాను. నట్ ఎక్కే మర కొస మన వైపు ఉండగా గడియారం ముల్లు తిరిగే దిశలోనే టేపు చుట్టాలి. తిరగేసి చుడితే బిగించేటప్పుడే ఊడి వస్తుంది. స్టీలు అల్లిక లోపల ఉండేది చాలావరకు రబ్బరు గొట్టమే కాబట్టి, వేడికి అది గట్టిపడి, అలమార వెనుక ఎవరికీ కనబడకుండా పగులుతుంది.

జయనగర్ నుంచి:
టేపా, పైపా అనే ముందు మరలను చూడండి. అమెరికా గీజర్లకు సాధారణంగా ఎన్‌పీటీ (అమెరికా పైపుల కొలత) మరలు ఉంటాయి, మన దుకాణాల్లో దొరికే నట్లవి బీఎస్‌పీ (బ్రిటిష్ పైపుల కొలత) మరలు. అర అంగుళంలో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే కావడంతో నట్ మొదట హాయిగా ఎక్కుతుంది, కానీ ఎన్‌పీటీ మర పళ్ల కోణం 60 డిగ్రీలు, బీఎస్‌పీది 55 డిగ్రీలు కాబట్టి కొన్ని చుట్ల తరువాత పట్టేసి, మర వెంబడే నీటికి దారి మిగులుతుంది. ఆ సందును టేపు కొన్నాళ్లు మూసినా, మన రోడ్ల గతుకులు దాన్ని మళ్లీ తెరుస్తాయి. ఒక వైపు ఎన్‌పీటీ, మరో వైపు బీఎస్‌పీ ఉన్న అడాప్టర్ వేసి, టేపును ఎన్‌పీటీ వైపు చుట్టండి. ఆ తరువాత వేడినీటికి తగిన వంగే పైపు పొట్టిగా వేస్తే వ్యాను ఊగినా జాయింటు మీద బరువు పడదు. వంగే పైపు నట్‌లో నీటిని ఆపేది వాషరే కనుక, అక్కడ టేపు చుట్టడం వృథా.

టేపు పక్షం:
అంటే ఒక జాయింటు కారుతుంటే రెండు జాయింట్లు పెట్టమంటున్నారు! పైగా ట్యాంకు అల్యూమినియందైతే ఇత్తడి అడాప్టర్ తగిలిన చోట, అందులోనూ బోరు నీటిలో, తుప్పు త్వరగా పడుతుంది.

జయనగర్ నుంచి:
అల్యూమినియం మాట నిజమే, అటువంటప్పుడు వేడినీటికి తట్టుకునే ప్లాస్టిక్ అడాప్టర్ తీసుకుని, చేతితో ఎక్కించాక స్పానర్‌తో కొద్దిగా మాత్రమే బిగించాలి. జాయింట్ల లెక్కను మాత్రం ఒప్పుకోను, సరిపోని ఒక్క జాయింటు కన్నా సరిపోయే రెండే నయం. అయితే దేనికీ డబ్బు పెట్టకముందు నట్‌ను పొడిగా తుడిచి, టిష్యూ కాగితం చుట్టి, గీజర్ వేయండి. నట్ పొడిగానే ఉండి, వేడెక్కేటప్పుడు మాత్రమే నీరు పడితే అది సేఫ్టీ వాల్వు (లోపల ఒత్తిడి పెరిగితే నీటిని బయటికి వదిలేది) నుంచి కావచ్చు. 20 డిగ్రీల నీరు 60 డిగ్రీలకు చేరితే పది లీటర్లకు సుమారు 150 మిల్లీలీటర్లు పెరుగుతుంది, అది ఎటో ఒకవైపు పోవాలి. ఆ వాల్వును మాత్రం ఎవరు చెప్పినా బిరడా వేసి మూయకండి.