ఇంట్లో ఐదుగురికి ఒకే ట్యాబ్, 25 వేల లోపు ఏది తీసుకోవాలి?

కొర్లగుంట టైలర్

అందరికీ నమస్తే. మాది తిరుపతి, కొర్లగుంట. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం వర్క్ బయట చేయించి ఇస్తాను. పాప తొమ్మిదో తరగతి, బాబు నాలుగు. ఇద్దరికీ ఇప్పుడు నా ఫోనే దిక్కు. పాప స్కూలు గ్రూపులో నోట్సు పీడీఎఫ్‌లు పెడతారు, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా ఫోను తన చేతిలోనే ఉంటుంది, సరిగ్గా అదే టైముకు నా కస్టమర్లు డిజైన్లు పంపుతారు. పోయిన వారం ఒకామె పెళ్లి బ్లౌజుకు చేతులు మోచేతి దాకా కావాలని మెసేజ్ పెట్టింది. నేను చూసుకోలేదు, పొట్టి చేతులు కత్తిరించేశాను. గుడ్డ నేనే కొనిచ్చాను. ఇంక ట్యాబ్ కొనాల్సిందే అని ఆ రోజే అనుకున్నా.

పాప చదువుకు ముఖ్యంగా. తర్వాత నా పని, అంటే కొలతలు, ఆర్డర్లు, ఎవరు ఎంత బాకీ అన్నది నోటు పుస్తకంలో కాకుండా ఒకచోట రాసుకోవాలి, డిజైన్లు కస్టమర్‌కు పెద్దగా చూపించాలి. మా ఆయన రాత్రిపూట సినిమా చూస్తారు, అత్తయ్య మధ్యాహ్నం ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణం చూస్తారు. ఇంతకు మించి ఆటలూ గీటలూ ఏమీ లేవు.

రెండేళ్ల కిందట ఆన్‌లైన్‌లో ఏడు వేలకు ఒకటి కొన్నాం, కంపెనీ పేరు వద్దులెండి. ఆరు నెలలకే ఒక పీడీఎఫ్ తెరవడానికి నిమిషం పట్టేది, తర్వాత చార్జింగ్ ఎక్కడమే మానేసింది. మళ్లీ అలా డబ్బు పోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. 20 వేలు పెట్టగలం, తప్పదంటే 25. చిన్నది చాలా, పెద్దది కావాలా? సిమ్ ఉండాలా? షాపు అబ్బాయి ర్యామ్, ప్రాసెసర్ అని ఏవేవో చెప్పాడు, నాకు ఎక్కలేదు.

చిత్తూరు లెక్కల టీచర్

అమ్మా, ర్యామ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ దగ్గరున్న టేపుతోనే ఈ లెక్క తేల్చుకోవచ్చు.

పాప చదివే నోట్సు, పాఠ్యపుస్తకాల పీడీఎఫ్‌లు చాలావరకు ఏ4 కాగితం సైజుకు దగ్గరగా ఉంటాయి. ఏ4 వెడల్పు 21 సెంటీమీటర్లు. 8.7 అంగుళాల ట్యాబ్ నిలువుగా పట్టుకుంటే తెర వెడల్పు 11.3 సెంటీమీటర్లు వస్తుంది, అంటే పేజీ దాదాపు సగానికి కుదించుకుపోతుంది. 11 అంగుళాలదైతే 14.8, పేజీ 70 శాతం సైజులో కనిపిస్తుంది. ఈ తేడా మామూలుది కాదు. 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చినప్పటి నుంచి రోజూ చూస్తున్నాను. అవి 8.7 అంగుళాలవి. వీడియో పాఠాలకు బాగా పనికొచ్చాయి, చేతిలో తేలిగ్గా ఇమిడేవి. కానీ పుస్తకం పీడీఎఫ్ తెరిస్తే పిల్లలు ప్రతి లైనుకూ రెండు వేళ్లతో పెద్దది చేసి, పక్కకు జరిపి, మళ్లీ చిన్నది చేసి చదివేవాళ్లు. జ్యామితిలో పటం పైన, సాధన కింద ఉన్నప్పుడు రెండూ ఒకేసారి కనిపించకపోతే పిల్లవాడు లెక్క మీద కాదు, తెర మీద శ్రమపడతాడు. నాకు బాధగా ఉండేది అదే. తొమ్మిదో తరగతి పాపకు 11 అంగుళాలకు తగ్గొద్దు.

ఇంకొకటి, అంగుళాలు ఒకటే అయినా ఆకారం వేరుగా ఉంటుంది. సినిమాకు అనువుగా చేసినవి పొడవుగా, సన్నగా ఉంటాయి. వన్‌ప్లస్ ప్యాడ్ గో లాంటిది 7:5 నిష్పత్తిలో ఉంటుంది, 11.35 అంగుళాలు, నిలువుగా పట్టుకుంటే వెడల్పు 16.7 సెంటీమీటర్ల పైన వస్తుంది. పుస్తకానికి అది హాయి. సినిమా చూస్తే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి, అంతే. ఐప్యాడ్‌లు కూడా ఇలా వెడల్పాటి ఆకారంలోనే ఉంటాయి.

మన రాష్ట్ర ద్విభాషా పుస్తకాల్లో ఒక పేజీలో తెలుగు ఉంటే ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉంటుంది. పాప ఇంగ్లీషు మీడియం అయినా సైన్సులో ఒక మాట అర్థం కాకపోతే పక్కన తెలుగు చూసుకోవడం చాలా మేలు చేస్తుంది. పాఠం దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాతో స్కాన్ చేయొచ్చు. కాబట్టి వెనక కెమెరా మరీ నాసిగా ఉండకూడదు, అలాగని గొప్పదీ అక్కర్లేదు.

షాపుకు వెళ్లేటప్పుడు పాప నోట్సు పీడీఎఫ్ ఒకటి ఫోనులో పెట్టుకుని, టేపు తీసుకుని, పాపను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి. డెమో ట్యాబ్‌లో ఆ పీడీఎఫే తెరిపించి ఒక పేజీ చదవమనండి. వేలు పెట్టకుండా చదవగలిగితే సైజు సరిపోయినట్టే.

రిపేరు బల్ల

అక్కా, తిరుపతిలోనే ఫోన్లు, ట్యాబ్‌లు బాగుచేస్తుంటాను. టీచర్ గారు చెప్పింది కరెక్టు. నా బల్ల మీదికి వచ్చే వాటిని బట్టి నాలుగు మాటలు చెప్తాను.

మీ పాత ట్యాబ్ అలా అయిపోయింది అంటే ర్యామ్ (పనులు నడిపేటప్పుడు వాడుకునే మెమరీ) 2 జీబీ ఉండుంటుంది, స్టోరేజీ (యాప్‌లు, ఫోటోలు దాచుకునే చోటు) 32 ఉండుంటుంది. సిస్టమ్, అప్‌డేట్లే సగం తినేస్తాయి, మిగిలింది వాట్సాప్ ఫోటోలతో నిండిపోతుంది, నిండాక ఏ ట్యాబ్ అయినా నడవదు. ఈసారి స్టోరేజీ 128 తీసుకోండి, మెమరీ కార్డు స్లాటు ఉంటే ఇంకా మంచిది. ర్యామ్ 4 అయితే నడుస్తుంది, 6 లేదా 8 అయితే నాలుగేళ్లు నిశ్చింత. డబ్బా మీద '8+8' అని రాసి ఉంటే రెండో 8 నిజం ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత తీసి ర్యామ్‌లా వాడుకోవడం. దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

సినిమాల కోసం అడగాల్సింది వైడ్‌వైన్ ఎల్1 ఉందా అని. సినిమాలు కాపీ కాకుండా పెట్టే తాళం అది, ఎల్1 దాన్లో పై స్థాయి. ఎల్3 మాత్రమే ఉంటే తెర ఎంత మంచిదైనా నెట్‌ఫ్లిక్స్ లాంటివాటిలో బొమ్మ హెచ్‌డీలో రాదు, మసక మసగ్గా ఉంటుంది. చవక ట్యాబ్‌లలో ఇక్కడే దెబ్బ తింటారు. డీఆర్‌ఎమ్ ఇన్ఫో అనే యాప్ వేసి చూస్తే తెలిసిపోతుంది. ఇది యూట్యూబ్‌లో ఎస్వీబీసీ చూడటానికి అడ్డం రాదు.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది పగిలిన గ్లాసు, వదులైన చార్జింగ్ పిన్ను. ట్యాబ్ ధరలో మూడో వంతు దాకా గ్లాసుకే అయిన కేసులు చూశాను. అందుకే మూలలు మందంగా ఉన్న కవర్ కొన్న రోజే వేయండి. కొన్ని కంపెనీలు డబ్బాలో చార్జర్ ఇవ్వవు, ముందే అడగండి. ఏది కొన్నా, దాని స్పేర్ పార్ట్స్ మన ఊళ్లో దొరుకుతాయా, చెన్నై పంపాలా అన్నది కనుక్కోండి. చెన్నై పంపిన ట్యాబ్ తిరిగొచ్చేసరికి పాప పరీక్షలు అయిపోతాయి.

ఇక ఎండ. మే నెలలో మన దగ్గర 40 దాటుతుంది. ఐప్యాడ్‌నే తీసుకుంటే, వాడేచోట గాలి వేడి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని ఆపిలే రాసింది. రేకుల కింద, కిటికీ పక్కన చార్జింగ్ పెట్టి అలాగే కల్యాణం చూస్తే బ్యాటరీ ఉబ్బుతుంది. చార్జింగ్ తీసేసి చూడమనండి.

బాలాజీ కాలనీ బీటెక్

అక్కా, కొంచెం ఆగి ఐప్యాడ్ కొనండి అంటాను. 2020లో వచ్చిన ఎనిమిదో తరం ఐప్యాడ్‌కు కూడా 2025లో ఐప్యాడ్ ఓఎస్ 26 వచ్చింది. అంటే ఐదేళ్ల తర్వాత కూడా కొత్త సిస్టమ్ ఇచ్చారు. పెన్నుతో నోట్సు రాసుకుంటే పాపకు ఇంటర్లో కూడా పనికొస్తుంది. నేను రెండేళ్లుగా కాగితం ముట్టలేదు.

రేణిగుంట నాన్న

తమ్ముడూ, నీ మాట నీకు సరిపోతుంది, వాళ్లింటికి సరిపోదు. ఏ16 చిప్ ఉన్న ఐప్యాడ్ మన దగ్గర 34,900కు విడుదలైంది, యూఎస్‌బీ సీ పెన్సిల్ ఇంకో 7,900. వాళ్ల బడ్జెట్ 25.

అంతకన్నా పెద్ద విషయం, ఇంట్లో వాడుకునే ఐప్యాడ్‌లో వేర్వేరు యూజర్లను పెట్టుకోవడం కుదరదు. ఐదుగురు వాడే ట్యాబ్‌లో నాకు అన్నిటికన్నా ముఖ్యం ఇదే. మా ఇంట్లో సామ్‌సంగ్ ట్యాబ్ ఉంది, సెట్టింగ్స్‌లో యూజర్స్ అని ఉంటుంది, నాకొకటి, మా అమ్మాయికొకటి పెట్టాను. ఎవరి పాస్‌వర్డ్ వాళ్లది, ఎవరి ఫోటోలు వాళ్లవి. నా పని ఫైళ్లు అమ్మాయి చేతిలో డిలీట్ అవుతాయన్న భయం పోయింది. చెల్లెమ్మా, మీ దగ్గర ఆడవాళ్ల కొలతలు, ఫోన్ నంబర్లు, కొందరు బ్లౌజు వేసుకుని పంపిన ఫోటోలు కూడా ఉంటాయి. అవి పిల్లలకూ, ఇంటికొచ్చిన చుట్టాలకూ కనబడకూడదు. కొనే ముందు ఆ ట్యాబ్‌లో యూజర్స్ ఉందో లేదో మీరే తెరిచి చూడండి, కొన్ని కంపెనీలు తీసేస్తాయి.

బాబుకు యూట్యూబ్ కిడ్స్ పెట్టి, తెర ఆ ఒక్క యాప్ మీదే ఆగేలా యాప్ పిన్ చేసి, తీసేటప్పుడు పిన్ నంబరు అడిగేలా పెట్టి ఇవ్వండి, ఆ నంబరు లేకుండా దాన్లోంచి బయటికి రాలేడు. ఇంట్లో వైఫై ఉంటే సిమ్ మోడల్ దండగ. లేకపోతే మీ ఫోన్ హాట్‌స్పాట్ చాలు, కానీ మీరు బయటికి వెళ్తే నెట్ కూడా వెళ్లిపోతుంది, అది ఆలోచించుకోండి.

కొర్లగుంట టైలర్

అందరికీ చాలా థ్యాంక్స్. ఫోటోల సంగతి నాకు తట్టనే లేదు అన్నా, చదవగానే గుండె దడదడలాడింది. ఇంట్లో వైఫై ఉంది. ఇంకొక్క డౌటు. ఎక్సెల్‌లో లెక్కలు రాసుకోమని మా తమ్ముడు చెప్పాడు, ట్యాబ్‌లో అది ఉచితమేనా? ఆహ్వాన పత్రికలు డిజైన్ చేసే పని కూడా నేర్చుకుందామని ఉంది, ట్యాబ్‌లో అవుతుందా?

డీటీపీ పని

ఎక్సెల్ లాంటి మైక్రోసాఫ్ట్ మొబైల్ ఆఫీసు యాప్‌లలో ఎడిటింగ్ 10.1 అంగుళాల తెర దాకే ఉచితం. 11 అంగుళాలైతే మైక్రోసాఫ్ట్ 365కు డబ్బు కట్టాలి. మీ అవసరానికి గూగుల్ షీట్స్ చాలు, ఉచితం, ఫోనులోనూ ట్యాబ్‌లోనూ ఒకే లెక్క కనిపిస్తుంది. తెలుగులో పేర్లు టైపు చేయడం కష్టమైతే గూగుల్ కీబోర్డు జీబోర్డులో మైకు నొక్కి చెప్పండి, కొలతలు తీస్తూ తీస్తూనే ఎక్కించుకోవచ్చు.

పత్రికలకు మాత్రం ట్యాబ్ నమ్ముకోవద్దు. మన ప్రెస్సుల్లో ఇప్పటికీ అను అనే తెలుగు ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ మీదే చాలా పని నడుస్తోంది, అవి విండోస్ కంప్యూటర్ పనులు. నిజంగా నేర్చుకోవాలనుంటే ఒక పాత డెస్క్‌టాప్ వేరేగా చూసుకోండి.

కొర్లగుంట టైలర్

నిన్న కొన్నాం. పాపను తీసుకుని వెళ్లాను, టేపు కూడా. షాపులో అబ్బాయిలు నేను తెర కొలుస్తుంటే కాసేపు చూసి, తర్వాత వాళ్లే ఒక్కొక్కటి తెచ్చి ఇచ్చారు. టీచర్ గారు చెప్పిన లెక్కలు సరిగ్గా సరిపోయాయి. పాప భౌతికశాస్త్రం నోట్సు 8.7లో చదువుతూ రెండో లైనుకే వేలు పెట్టింది. వన్‌ప్లస్‌లో పేజీ అన్నిటికన్నా బాగా కనిపించింది, పాపకు అదే నచ్చింది. కానీ నా కొలతలు, ఫోటోలు వేరుగా దాచుకోవడం నాకు ముఖ్యం, అందుకని సామ్‌సంగ్ ట్యాబ్ ఏ9 ప్లస్, 11 అంగుళాలది, 128 జీబీది తీసుకున్నాను. యూజర్స్ ఉందో లేదో కౌంటర్ దగ్గరే తెరిచి చూసుకున్నాను. పాప కాస్త చిన్నబుచ్చుకుంది, రాత్రి తన పేరుతో వేరే యూజర్ పెట్టి, వాల్‌పేపర్ తననే పెట్టుకోమన్నాక సర్దుకుంది. కవర్, చార్జర్ కలిపి 25 దాటలేదు.

వాట్సాప్ నా యూజర్‌లోనే ఫోనుకు లింక్ చేశాను. స్కూలు గ్రూపులో వచ్చిన నోట్సును గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్‌లో వేస్తున్నాను, పాప తన వైపు నుంచి తెరుచుకుంటోంది. ఫోను నా దగ్గరే ఉంటోంది. ఈ రోజు తిరుచానూరు నుంచి ఒకామె వచ్చింది, వెనక మెడ డిజైన్ పెద్దది చేసి చూపిస్తే కుందన్ ఎక్కడ రావాలో వేలు పెట్టి చెప్పింది, నేను అక్కడే షీట్‌లో రాసుకున్నాను. అత్తయ్య మధ్యాహ్నం కల్యాణం చూశారు, చార్జింగ్ తీసేసే.

రిపేరు బల్ల అన్నా, టెంపర్డ్ గ్లాస్ ఇంకా వేయించలేదు. మామూలుది చాలా, మందంది కావాలా?

రిపేరు బల్ల

మామూలుది చాలు అక్కా. అంచుల దాకా అతుక్కుందా, కవర్ వేస్తే మూలల్లో పైకి లేస్తోందా అన్నది షాపులోనే కవర్ వేయించి చూసుకోండి. లేస్తే అక్కడే మార్పించండి.