చర్చ: మెక్‌ఫారెన్ 1847 రాజీనామా సిద్ధాంతనిష్ఠా, మొండితనమా?

మంద్రస్థాయి:
జార్జ్ మెక్‌ఫారెన్ (1813–1887) విక్టోరియా కాలపు స్వరకర్తల్లో, సంగీత సిద్ధాంతకర్తల్లో పెద్దగా పేరు పొందినవారు. పదహారో ఏట లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్‌లో విద్యార్థిగా చేరి, 1834 నుంచి అక్కడే పాఠాలు చెప్పారు. తన మిత్రుడు ఆల్‌ఫ్రెడ్ డే ప్రతిపాదించిన హార్మొనీ (స్వరాలను ఒకేసారి కలిపి పలికించే పద్ధతి) సిద్ధాంతంపై తోటి అధ్యాపకులతో వివాదం రావడంతో 1847లో ఆ కొలువు వదులుకున్నారు. దీన్ని త్యాగంగా కీర్తించేవారితో నేను ఏకీభవించను. చెవి ఒప్పుకోని లెక్క కోసం కొలువు వదలడం మొండితనమే.

కాకలినిషాదం:
చెవి ఒప్పుకోదని మీరెలా తేల్చారు? తంబూరా మంద్ర షడ్జమం మీటితే అంతర గాంధారం తనంతట తానే పలుకుతుందని మనకు తెలుసు. డే 1845లో ప్రచురించిన గ్రంథానికి కూడా అదే ఆధారం. షడ్జమం, రిషభం, పంచమం అనే మూడు మూలాల మీద ఒకటి విడిచి ఒకటిగా స్వరాలను పదమూడో స్వరం దాకా పేర్చుకుంటూ పోతే, ఒకేసారి కలిపి వాయించే స్వరగుచ్ఛాలైన కార్డ్‌లన్నీ వాటిలో నుంచే పుడతాయని ఆయన వాదించారు. అంతకుముందు విడివిడి నియమాలుగా బట్టీపట్టిన విషయానికి ఒక కారణం చూపడానికి పూనుకున్న మనిషిని సమర్థించడం మొండితనం ఎలా అవుతుంది?

చరిత్రప్రియ:
మెక్‌ఫారెన్ కంటి వైద్యం కోసం న్యూయార్క్ వెళ్లింది కూడా 1847లోనే. రాజీనామాకు అదే అసలు కారణమై ఉండవచ్చు కదా?

మంద్రస్థాయి:
ప్రయాణం వేరు, వివాదం వేరు. దయచేసి విషయం మళ్లించవద్దు. కాకలినిషాదం గారూ, మీ ఇంట్లో హార్మోనియం ఉంటే ఎఫ్, ఎ, సి, డి మెట్లను కలిపి నొక్కండి. అడుగున ఎఫ్ నిలబడి మిగిలిన మూడింటినీ మోస్తున్నట్టు వినిపిస్తుంది. సి మేజర్‌లో (అంటే సి షడ్జమంగా) డే లెక్క ప్రకారం దీని మూలం జి, అంటే పంచమం. అంటే జి, బి, డి, ఎఫ్, ఎ, సి అని పేర్చి, అందులో మొదటి రెండూ తీసేస్తే మిగిలినదే ఈ కార్డ్ అన్నమాట. వాయించని స్వరాన్ని మూలమని విద్యార్థి ఎందుకు నమ్మాలి? పైగా ప్రకృతిలో జి మీద పుట్టే పదకొండో అనుస్వరం (మూలస్వరంతో పాటు తనంతట తానే పలికే పైస్వరం) సి కానే కాదు. అది సి కీ, సి షార్ప్‌కూ దాదాపు నడిమధ్యన పడుతుంది.

మూడోవరుస:
మెక్‌ఫారెన్ సంగీతం ఎవరైనా విన్నారా? ఆర్కెస్ట్రాకు ఆయన రాసిన ‘చెవీ చేస్’ ఓవర్చర్‌ను 1843లో లైప్‌జిగ్‌లో జర్మన్ స్వరకర్త మెండెల్సన్, 1855లో లండన్‌లో మరో జర్మన్ స్వరకర్త వాగ్నర్ నిర్వహించారు. వాగ్నర్‌కు అది నచ్చింది కూడా.

కాకలినిషాదం:
పదకొండో అనుస్వరం సంగతి నాకూ తెలుసు. నన్ను బాధించినది మొండితనం అన్న మాట. మా మేనమామ గారికి చూపు లేదు. ముప్పై ఏళ్లు పిల్లలకు హార్మోనియం నేర్పారు. ఆయన ఏ మాట మీద నిలబడినా “పాపం, చూపు లేనివారికి పట్టుదల ఎక్కువ” అని పక్కకు పెట్టేవారే తప్ప, ఆ మాటలో తప్పొప్పులు చూసినవారు లేరు. మెక్‌ఫారెన్ చూపు 1860 నాటికి పూర్తిగా పోయింది. ఆ ఏడాదే ఆయన ‘రాబిన్ హుడ్’ ఒపేరా రంగస్థలం మీద నెగ్గింది. ఆ తరువాతి రచనలన్నీ ఆయన చెబుతూ ఉంటే మరొకరు రాసుకున్నవే. ఆర్కెస్ట్రాలోని వాద్యాలన్నింటినీ మనసులో నిలుపుకుని, ఏ వాద్యం ఏ స్వరం ఎంతసేపు పట్టాలో చెప్పగలిగిన మనిషికి చెవి లేదంటారా?

మంద్రస్థాయి:
ఆయన చూపు గురించి నేను ఒక్క అక్షరం రాయలేదు! రాయని మాటకు నన్ను దోషిని చేయకండి. నాకూ ఒక అనుభవం ఉంది. ఒక హార్మొనీ పరీక్షలో రెండు వరుసల రాగానికి నేను కూర్చిన కార్డ్‌లను తప్పన్నారు. వాయించి వినిపిస్తానంటే, పుస్తకంలో లేనిది వినే అవసరం లేదన్నారు. ఆ ఏడాది తప్పాను, ఆ తరువాత పరీక్షలకు వెళ్లలేదు. 1876లో మెక్‌ఫారెన్ అదే అకాడమీకి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన కింద చదివి, ఆ మూలాలు తన చెవికి వినిపించడం లేదని చెప్పిన విద్యార్థి ఎవరితో మొర పెట్టుకోవాలి? నేను మొదటి నుంచీ అడగదలచినది ఇదే, సరిగా అడగలేకపోయాను.

చరిత్రప్రియ:
ఇది రాజీనామా గురించిన చర్చ అనుకున్నాను.

కాకలినిషాదం:
ఇప్పుడు మీ ప్రశ్న అర్థమైంది. 1851లో అకాడమీ ఆయనను మళ్లీ తీసుకున్నది డే సిద్ధాంతాన్ని ఒప్పుకుని కాదు, అధ్యాపకుడికి తన ఆలోచన చెప్పుకునే స్వేచ్ఛ ఉండాలని. అప్పటికి డే లేరు. నలభై ఏళ్లు నిండకుండానే 1849లో మరణించారు. తన మాట తాను చెప్పుకోలేని మిత్రుడి తరఫున మెక్‌ఫారెన్ చివరిదాకా నిలిచారు. నా దృష్టిలో అది చాలా పెద్ద గుణం.

మంద్రస్థాయి:
స్నేహంగా పెద్ద గుణమే. తనకు దొరికిన ఆ స్వేచ్ఛ శిష్యులకూ దక్కాలి కదా? 1879 నుంచి అదే అకాడమీలో బోధించిన ఎబెనీజర్ ప్రౌట్‌ను చూడండి. డే పద్ధతిని కొంత మార్చి 1889లో హార్మొనీ పాఠ్యపుస్తకం రాశారు, అది ముద్రణ మీద ముద్రణ పొందింది. 1901లో పదహారో ముద్రణకు దాన్ని తిరగరాసి, ఆ అనుస్వరాల లెక్కను చాలావరకు వదిలేశారు. తన పేరు మీద నడుస్తున్న పుస్తకాన్ని తానే దిద్దుకోవడానికి ఎంత ధైర్యం కావాలి! నేను ఎదురుచూసిన గురువు అలాంటివారు.

కాకలినిషాదం:
ప్రౌట్ విషయంలో మీతో ఏకీభవిస్తాను, రాజీనామా విషయంలో నా మాట మారదు. పరీక్షలో మీరు కూర్చిన ఆ రెండు వరుసలు గుర్తుంటే ఇక్కడ రాయండి. హార్మోనియం దగ్గరే ఉంది, వాయించి చూస్తాను.

మంద్రస్థాయి:
ఆ కాగితం ఇంకా నా దగ్గరే ఉంది. రేపు పొద్దున రాస్తాను.