రాయకుండా రోజులు గడపడం బద్ధకమా, భయమా, పనిలో భాగమా?

పడుగుపేక
మూడేళ్లుగా ఒక కథ నా దగ్గర సగంలో ఆగిపోయి ఉంది. పన్నెండు పేజీలు. మొదటి ఆరు పేజీలు ఒక్క ఆదివారంలో రాశాను, మిగతా ఆరు రెండు నెలల్లో. ఆ తర్వాత ఒక్క వాక్యం లేదు. తీరిక లేదని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆఫీసు ఐదింటికి అయిపోతుంది, పిల్లలు పెద్దవాళ్లయ్యారు.

రాత్రి భోజనాలయ్యాక బల్ల ముందు కూర్చుంటాను. పెన్నులో ఇంకు నింపుతాను. రాసిన పన్నెండు పేజీలూ మళ్లీ చదివి, అక్కడో కామా ఇక్కడో చుక్కా దిద్దుతాను. ఇంతలో కరెంటు బిల్లు గుర్తొస్తుంది. అది కట్టేసి, మోటారు వేసి, ట్యాంకు నిండే దాకా నిలబడి వచ్చేసరికి పదిన్నర. రేపు చూద్దాంలే అని లైటు ఆర్పేస్తాను. పడుకుంటే నిద్ర పట్టదు.

మా ఆవిడ దీన్ని బద్ధకం అంటుంది. కథలు రాసే స్నేహితుడొకడు 'లోపల ఉడుకుతోంది, తొందరపెట్టకు' అంటాడు. ఇద్దరి మాటా నాకు నమ్మబుద్ధి కావడం లేదు. రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ అనుభవంలో ఇది ఏమిటి?

ఆదివారం పేజీ
బద్ధకమేనండీ. కష్టపెట్టుకోకండి. ఇరవై రెండేళ్లు ఒక పత్రికలో కథల పేజీ చూశాను. దీపావళి సంచికకి కథ కావాలని ఆగస్టులో అడిగితే 'తప్పకుండా' అనేవారు. సెప్టెంబరులో 'రాస్తున్నా' అనేవారు. పేజీలు ప్రెస్సుకి వెళ్లే రోజు పొద్దున్నే మనిషి చేతికిచ్చి పంపేవారు, చివరి కాగితం మీద ఇంకు ఆరకుండానే. వాటిలో మంచి కథలు చాలా ఉన్నాయి. 'గడువు వద్దండీ, అయ్యాక నేనే పంపుతా' అన్నవాళ్ల కథలు మాత్రం నా బల్ల మీదికి రానే లేదు.

విశ్వనాథ సత్యనారాయణ గారు 'వేయిపడగలు' 29 రోజుల్లో పూర్తి చేశారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం నవలల పోటీ పెట్టింది, గడువు ముంచుకొచ్చింది, ఆయన చెబుతుంటే తమ్ముడు రాశారు. 1934లో అడివి బాపిరాజు గారి 'నారాయణరావు'తో కలిపి బహుమతి వచ్చింది. రష్యన్ నవలాకారుడు దొస్తోయెవ్‌స్కీది ఇంకా ఘోరం. 1866 నవంబరు 1 లోపు కొత్త నవల ఇవ్వకపోతే, ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆయన ఏం రాసినా డబ్బివ్వకుండా వేసుకునే హక్కు ప్రచురణకర్త స్టెల్లోవ్‌స్కీదని ఒప్పందం. అక్టోబరు దాకా ఒక్క పేజీ లేదు. 26 రోజుల్లో 'జూదరి' తయారైంది. మెడ మీద కత్తి లేకపోతే అవి వచ్చేవా?

మీరు ఏదైనా పోటీకి పేరు ఇచ్చేయండి. మూడేళ్ల కథ మూడు వారాల్లో అవుతుంది.

చిరకారి
ఆదివారం పేజీ గారూ, పెద్దవారు, అయినా ఒప్పుకోలేను. నా పేరు ఎక్కడిదో చెబితే నా వాదన అర్థమవుతుంది. భారతం శాంతిపర్వంలో భీష్ముడు చెప్పిన కథ ఇది. గౌతముడు కోపంలో కొడుకుని పిలిచి 'మీ అమ్మని చంపు' అని చెప్పి అడవికి వెళ్లిపోతాడు. ఆ కొడుకు ఏ పనికైనా చాలాసేపు ఆలోచించే రకం, అందుకే చిరకారి అన్నారు. తండ్రి మాట గొప్పదా, తల్లి గొప్పదా అని ఆలోచిస్తూనే ఉంటాడు. ఈలోగా తండ్రికి కోపం దిగి, చేజేతులా ఎంత పని చేయించాను అని ఏడుస్తూ వెనక్కి వస్తాడు. తల్లి బతికే ఉంది. కొడుకుని కావలించుకుని, నీ ఆలస్యమే మనల్ని కాపాడింది అంటాడు.

గురజాడ వారి 'కన్యాశుల్కం' 1897లో అచ్చయింది. ఈ రోజు మనం చదువుతున్నది అది కాదు, 1909లో వచ్చిన రెండోది. పన్నెండేళ్ల తేడా. లియొనార్డో డావిన్సీ 1483లో మిలాన్‌లో ఒక చర్చి బొమ్మకి ఒప్పుకున్నాడు, ఆ డిసెంబరుకే ఇవ్వాలని కాగితం. వ్యవహారం తేలేసరికి 1508. వీళ్లని బద్ధకస్తులని ఎవరం అంటాం? మనకి లోపల జరిగేది కనబడదు, అంతే.

కరక్కాయ
మాది శ్రీకాళహస్తి, కలంకారీ వేస్తాను. చిరకారి గారు చెప్పింది వినడానికి బాగుంది గానీ, ఒక్క మాట.

మా పనిలో ఆగడమనేది చాలా ఉంటుంది. గుడ్డని కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఎండబెట్టాలి, లేకపోతే రంగు పాకిపోతుంది. నల్ల రంగుకి తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి కుండ మూత పెడితే, అది పులియడానికి రెండు మూడు వారాలు పడుతుంది. తొందరపడి తీస్తే నలుపు తేలదు. కాబట్టి నిదానం అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ కుండ ఆగడం వేరు, నేను ఆగడం వేరు. పోయినేడాది ఒక పెద్ద గుడ్డ ఒప్పుకున్నాను. అంచు వేశాను, చెట్లు వేశాను, లతలు వేశాను. మధ్యలో అమ్మవారి ముఖం దగ్గర ఖాళీ. చింతపుల్ల కాల్చిన బొగ్గు చేతిలో పట్టుకుని కూర్చుంటే చెయ్యి కదలదు. లేచి వెళ్లి కుండ మూత తీసి చూసేదాన్ని, పులిసిందా అని. అది ఎప్పుడో పులిసింది. నాకూ తెలుసు. తొమ్మిది రోజులు అలా కుండ మూత తీసి పెట్టాను. ఆ ముఖం మా నాన్న వేసేవారు, ఆయన పోయాక నేను వేయబోయే మొదటిది. చెడిపోతే ఆ గుడ్డంతా పోతుందని కాదు, ఆయన ముందు చెడిపోతుందన్నట్టు ఉండేది.

లోపల ఏదో ఉడుకుతోందని ఆ తొమ్మిది రోజులూ నేనూ చెప్పుకోవచ్చు. ఏమీ ఉడకలేదండీ. భయం.

మధ్యాహ్నం ఎండ
కరక్కాయ గారు చెప్పిందే సైకాలజీవాళ్లు ఇప్పుడు గట్టిగా అంటున్నారు. కాలేజీలో ఆ పాఠమే చెబుతాను కాబట్టి కొంచెం రాస్తాను. వాయిదా అంటే టైమ్ సర్దుకోవడం రాకపోవడం కాదు, ఆ పని తలుచుకుంటే లోపల పుట్టే బాధనుంచి కాసేపు తప్పించుకోవడం అని సిరోయిస్, పిచిల్ 2013లో రాశారు. బిల్లు కట్టగానే మనసు తేలికపడుతుంది కదా, ఆ తేలికే మళ్లీ మళ్లీ అటు లాగుతుంది. పడుగుపేక గారు తప్పించుకుంటున్నది కథని కాదు, కథ దగ్గర కలిగే బాధని.

గడువు మందు అనే మాట సగమే నిజం. టైస్, బామైస్టర్ 1997లో విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలో, వాయిదా వేసేవాళ్లకి టర్మ్ మొదట్లో టెన్షన్ తక్కువే ఉంది. చివరికొచ్చేసరికి మిగతావాళ్లకంటే ఎక్కువైంది, జబ్బులూ ఎక్కువే, మార్కులూ తక్కువే. ఇంకోవైపు, షిన్, గ్రాంట్ 2021లో మరీ వాయిదా వేయనివాళ్లకంటే, మరీ వేసేవాళ్లకంటే, ఓ మాదిరిగా వేసేవాళ్లకి కొత్త ఆలోచనలు ఎక్కువ వచ్చాయని చూపించారు. చిరకారి గారి మాటకి అది కొంత బలమే. అయితే అక్కడ కూడా ఆ పని మీద మనసున్నవాళ్లకే.

ఇక దొస్తోయెవ్‌స్కీ. ఆ ఏడాది ఆయన ఊరికే కూర్చోలేదు, 'నేరము-శిక్ష' నెలనెలా పత్రికకి రాస్తున్నాడు. అది బద్ధకం లెక్కలోకి రాదు. ఆదివారం పేజీ గారు చెప్పిన రెండు కథల్లోనూ నాకు కత్తికంటే ఇంకొకటి కనబడింది. రెండూ నోటితో చెప్పినవి. విశ్వనాథ వారి ఎదురుగా తమ్ముడున్నారు. దొస్తోయెవ్‌స్కీ ఎదురుగా షార్ట్‌హ్యాండ్ రాసే అన్నా కూర్చుంది, మరుసటి ఏడాది ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. ఎదురుగా ఒక మనిషి వింటూ ఉంటే, లేచి మోటారు వేయడానికి వెళ్లలేం.

ఆదివారం పేజీ
ఆ పాయింటు నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. గడువు అక్కర్లేదంటే మాత్రం ఒప్పుకోను.

విదురనీతిలో మనిషి వదలాల్సిన ఆరు దోషాలు చెప్పారు: నిద్ర, కునుకు, భయం, కోపం, ఆలస్యం, దీర్ఘసూత్రత. సంస్కృతంలో ఆలస్యమంటే సోమరితనం. దీర్ఘసూత్రత అంటే మనం మాట్లాడుకుంటున్న ఈ సాగదీత. రెండిటినీ విడిగా లెక్కపెట్టారు, భయాన్ని ఇంకా విడిగా. చిన్నప్పటినుంచీ వల్లించిన శ్లోకమే, ఇప్పుడే ఈ తేడా చూశాను. అందువల్ల పడుగుపేక గారిని బద్ధకస్తుడన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

చిరకారి
నేను మాత్రం వెనక్కి తీసుకోను. అన్ని ఆగడాలూ భయమే అంటే, గురజాడ పన్నెండేళ్లని ఏమనాలి?

కరక్కాయ
ఆయన చేతిలో ముందు ఒక పుస్తకం ఉంది కదండీ, అచ్చయినది. దాన్ని తిరగరాశారు. ఖాళీ గుడ్డ ముందు కూర్చోలేదు.

పడుగుపేక గారూ, ఒకటి అడగనా? మీ కథ సరిగ్గా ఏ వాక్యం దగ్గర ఆగింది?

పడుగుపేక
ఇది చదివి కాగితాలు తీశాను. ఇన్నిసార్లు దిద్దాను గానీ ఆ ప్రశ్న ఎప్పుడూ వేసుకోలేదు.

మాది వెంకటగిరి. కథ మా నాన్న గురించి, పేర్లు మార్చాను. చివరి వాక్యం 'ఆ పొద్దున గుంటమగ్గం దగ్గర నలుగురు మనుషులు వచ్చి నిలబడ్డారు'. ఆ తర్వాత మగ్గం విప్పి ఎద్దుల బండిలో వేసుకుని వెళ్లిపోవాలి. నా ఇంజనీరింగు ఫీజు కోసం అమ్మారు. నాన్న ఆ రోజు గుంట అంచున కాళ్లు లోపలికి వేలాడేసి కూర్చున్నారు, మగ్గం లేకపోయినా. నేను గడపలోంచి చూశాను. మా అన్నకి ఆ ఫీజు సంగతి ఇప్పటికీ సరిగ్గా తెలియదు, అతని చదువు పదో తరగతితో ఆగిపోయింది. కథ అచ్చయితే చదువుతాడు.

మూడేళ్లుగా ఆగింది అక్కడ.

మధ్యాహ్నం ఎండ
రాయడం వేరు, అచ్చుకివ్వడం వేరు. ఈ రాత్రికి రాయడం ఒక్కటే. అచ్చు సంగతి మీ అన్నయ్యతో మాట్లాడాక.

పడుగుపేక
పదకొండు లైన్లు రాశాను. క్యాలెండరు కాగితం వెనకవైపు, ఆ నోటుబుక్కులో రాయలేక. మగ్గం కొన్నాయన మా అమ్మతో ఏదో అన్నాడు, అమ్మ లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ మాట ఏమిటో గుర్తు రావడం లేదు. అది లేకుండా ముందుకి కదలదు. రేపు అమ్మకి ఫోన్ చేసి అడుగుతాను.

కరక్కాయ
రేపు ఎందుకండీ, ఎనిమిదిన్నరే కదా అయింది. అమ్మగారు పడుకుని ఉండరు.