చిల్లుకానీయా, చెల్లనికానీయా?

విజయనగరం నుంచి ప్రశ్న:
"వాడు చిల్లుకానీకి కొరగాడు" అంటాం. "చెల్లని కానీ"యే నోట్లో అరిగి ఇలా అయిందని ఒక మాష్టారి వాదన. పెద్దలు తేల్చగలరు.

బొబ్బిలి నుంచి:
అరగడం కాదండి, నిజంగా చిల్లున్న నాణెమే. 1943 నుంచి 1947 దాకా వచ్చిన కంచు కానీ అది. దానికి ముందరి కానీ 4.86 గ్రాములు, అడ్డకొలత 25.4 మి.మీ. యుద్ధం రోజుల్లో లోహం పొదుపు కోసం దాన్ని 2 గ్రాములకి, 21.3 మి.మీ.కి దించి నడుమ పెద్ద కంత పెట్టారు. రాజు తల లేదు. ఒకవైపు చిన్న కిరీటం, రెండోవైపు కంత చుట్టూ తీగె అల్లిక. చిల్లున్నా పూర్తిగా చెల్లింది, రూపాయికి 64. దమ్మిడీల ముద్రణ 1942తో ఆగింది కనక కొత్తగా అచ్చయ్యేవాటిలో అన్నిటికన్నా చిన్న నాణెం ఇదే. "ఆ పాటి విలువైనా లేదు" అనడానికి ఇంతకన్నా తగింది ఏముంది? చిల్లిగవ్వ అప్పటికే నోళ్లలో ఉంది, దాని పక్కన ఇది ఇట్టే కుదురుకుంది.

ఆమదాలవలస నుంచి:
ఒప్పుకుంటాను. కాని "చెల్లని కానీ"ని తప్పని కొట్టేయకండి, అది వేరే మాట. చిల్లుకానీ లేదంటే చేతిలో డబ్బే లేదు. చెల్లని కానీ చేతిలో ఉంటుంది, ఎవరూ పుచ్చుకోరు. "వాడొక చెల్లని కానీ" సరైన వాక్యం. "కొరగాడు" దగ్గర మాత్రం పోలిక విలువతో కాబట్టి చిల్లుకానీయే ఉండాలి.

టెక్కలి నుంచి:
ఇక్కడే బేడ, అంటే రెండణాల నాణెం, సంగతీ చెప్పుకోవాలి. అణాకి అంచు చుట్టూ పన్నెండు వంకీలు, బేడ మూలలు గుండ్రం చేసిన నలుచదరం. జేబులో వేలు పెడితేనే తెలిసిపోయేవి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాక పావలా సరిగ్గా 25, అర్ధరూపాయి సరిగ్గా 50 అయ్యాయి, పేర్లు బతికాయి. అణాకి 6.25, బేడకి 12.5 వచ్చాయి. మార్పిడిలో అర పైసా వరకు వదిలేసి, మించితే పైకి లెక్కగట్టేవారు. అణా 6, బేడ 12. నాలుగు అణాలు విడివిడిగా మారిస్తే 24, ఒకేసారి మారిస్తే 25. సరిపోయే కొత్త నాణెం లేక బేడ మాట బజారు విడిచి పాత లెక్కల్లో మిగిలింది. అణా మాత్రం "పదహారణాల తెలుగు"లో నిలబడింది.

రాజాం నుంచి:
ఇప్పటి నాణేలకి అలాంటి పేర్లు పుట్టకపోవడానికి రూపమూ ఒక కారణమని నా నమ్మకం. 1992 నాటి రెండు రూపాయల బిళ్ళకి పదకొండు మూలలుండేవి. 2005లో అది గుండ్రమైంది, 2011 వరసలో 25 మి.మీ.కి, 4.85 గ్రాములకి దిగింది. అచ్చంగా 1992 నాటి స్టీలు రూపాయి కొలతే! 2011 రూపాయేమో 22 మి.మీ., 3.79 గ్రాములు, అంటే 1988 నాటి అర్ధరూపాయి. ఒక్కోటీ ఒక మెట్టు కిందికి జారిందన్నమాట. సంతలో గబగబా చిల్లర లెక్కపెట్టేవాళ్లు పాత రూపాయిని రెండుగా పుచ్చుకునేది ఇందుకే. సైజు నమ్మకుండా బొమ్మ చూడాలి. పాత రూపాయి మీద ధాన్యపు కంకులుంటాయి, 2011 వాటి మీద అంకెతో పాటు రూపాయి గుర్తు ఉంటుంది. మళ్ళీ మూలలతో వచ్చింది ఇరవై రూపాయల బిళ్ళే, పన్నెండు వైపులు, 27 మి.మీ. దానికి మన జిల్లాల్లో ఏమైనా పేరు పడిందేటి? విన్నవాళ్లు ఊరు పేరుతో సహా రాయండి.