ఫైబర్ బానెట్‌పై ప్రైమర్ నిలవడం లేదు: లోపం ఎక్కడ?

ప్రశ్న: బెంగళూరులో సిపానీ సంస్థ 1980లలో తయారు చేసిన డాల్ఫిన్ కారు మా నాన్నగారి హయాం నుంచి మా ఇంట్లో ఉంది. దాని ఫైబర్ బానెట్ విరిగిపోవడంతో, పాతదాని నుంచే అచ్చు తీయించి కొత్తది చేయించాను. అచ్చు విడిచిన మూడో రోజునే పెయింటరు 220 నంబరు ఎమరీతో రుద్ది, ఆపైన థిన్నరుతో తుడిచి ప్రైమర్ కొట్టారు. కొన్నిచోట్ల ప్రైమర్ పక్కకు తొలగి గుంటలు పడ్డాయి, అంచుల వెంట సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తున్నాయి. మరో రెండు కోట్లు వేస్తే అవే పూడిపోతాయని ఆయన అంటున్నారు. నమ్మవచ్చా?

జవాబు 1: పూడవండి. గుంటలకు కారణం, ముక్క అంటుకోకుండా అచ్చుకు పూసిన మైనం బానెట్‌పై మిగిలిపోవడం. ముందుగా సబ్బునీటితో కడిగి, మైనం తీసే ద్రావకంతో ఒక గుడ్డతో తడిపి, అది ఆరేలోపే మరో పొడిగుడ్డతో ఎత్తేసిన తరువాతే ఎమరీ పట్టాలి. మీ పెయింటరు ముందే రుద్దడంతో ఆ మైనం గీతల్లోకి దిగిపోయింది. రంధ్రాల సంగతి వేరు: అవి జెల్‌కోట్ (ఫైబర్ ముక్కపై ఉండే నున్నని పైపొర) కింద చిక్కుకున్న గాలిబుడగలు. పైన ప్రైమర్ ఎంత మందంగా వేసినా లోపలి గాలి ఎండకు వ్యాకోచించి మళ్లీ బయటపడుతుంది. కాబట్టి ఉన్న ప్రైమర్‌ను రుద్ది తీసేసి, మళ్లీ శుభ్రం చేసి, ప్రతి రంధ్రాన్నీ మొనతో కొద్దిగా తెరిచి, హార్డెనర్ కలిపే పాలిస్టర్ పుట్టీని బ్లేడుతో గట్టిగా అదమండి. తొందరపడి పెయింట్ రిమూవర్ మాత్రం వాడకండి, అది గాజు నారలను పట్టి ఉంచే రెజిన్‌ను కూడా మెత్తబరుస్తుంది.

జవాబు 2: పై మాటలతో ఏకీభవిస్తూనే, మూడో రోజున రంగు పని మొదలుపెట్టడమే అసలు పొరపాటని నా అభిప్రాయం. రెజిన్ ఘాటు వాసన ఇంకా వస్తోందంటే ముక్క పూర్తిగా గట్టిపడలేదని అర్థం. వంగిపోకుండా సరైన ఆధారంపై ఉంచి, కొన్ని రోజులు ఎండలో పెట్టండి. లేకపోతే, ముదురు రంగు వేసినప్పుడు, లోపలి గ్లాస్ మేట్ (గాజు నారల పరుపు) ఆనవాలు మెరుపులో నీడలా తేలుతుంది.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. పాత తలుపు మీద బందుల దగ్గర సాలెగూడు లాంటి పగుళ్లున్నాయి. వాటికీ పుట్టీయేనా?

జవాబు 1: కాదు, పుట్టీ పెడితే కారు నాలుగు గతుకులు ఎక్కగానే తిరిగి పగులుతుంది. పగులు అంతమయ్యేదాకా జెల్‌కోట్‌ను అరగదీసి, పలుచని గ్లాస్ మేట్‌ను రెజిన్‌తో అతికి, గట్టిపడ్డాక సమం చేయండి. ఆ దుమ్ము ఒంటికి తగిలితే రెండు రోజులు దురద పెడుతుంది, నిండు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి.